కియా: షోరూమ్‌లో కనిపించేది, ఏళ్లు గడిచాక బయటపడేది

2016లో అమెరికాలో జె.డి. పవర్ సంస్థ చేసే కొత్త కార్ల నాణ్యత సర్వేలో కియా మొదటి స్థానంలో నిలిచింది. లగ్జరీ బ్రాండ్లన్నింటినీ దాటి ఒక మామూలు బ్రాండు అక్కడికి చేరడం 27 ఏళ్లలో అదే మొదటిసారి. ఆ దేశంలో అడుగుపెట్టిన కొత్తలో ఇలాంటి సర్వేల్లో అట్టడుగున కనిపించిన కంపెనీకి అది చిన్న గెలుపేం కాదు. కానీ మరుసటి ఏడాది మార్చిలోనే, అదే దేశంలో, ఇంజన్ లోపం వల్ల దాదాపు 6 లక్షల 18 వేల కార్లను కియా వెనక్కి పిలవాల్సి వచ్చింది. వింటే విడ్డూరంగా ఉంటుంది గానీ ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఆ సర్వే లెక్కపెట్టేది కారు కొన్న మొదటి 90 రోజుల్లో వచ్చిన ఇబ్బందుల్ని మాత్రమే.

కియా ఓనర్ల మాటలు ఎక్కడ విన్నా ఈ తేడా కనబడుతుంది. కొత్తలో అడిగితే ఒక మాట, నాలుగైదేళ్లు నడిపాక అడిగితే ఇంకో మాట. కంటికి కనిపించేవాటిలో, చేతికి తగిలేవాటిలో ఈ కంపెనీ పిసినారితనం చూపించదు. లైట్లు, సీట్లు, స్క్రీన్, తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడు, అన్నీ ఇచ్చిన డబ్బుకు మించే ఉన్నాయనిపిస్తాయి. రేకు కింద, ఇంజన్ లోపల, తాళం వెనక ఉండేవాటి దగ్గరే పలుమార్లు దొరికిపోయింది. ఇది కుట్రేమీ కాదు, కంపెనీ పుట్టి పెరిగిన తీరులోనే దీనికి కారణం ఉంది.

కియా వయసు చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ. జపాన్ పాలన ఇంకా నడుస్తున్న 1944లో కిమ్ చోల్-హో అనే ఆయన సియోల్‌లో పెట్టిన సైకిల్ విడిభాగాల కంపెనీ ఇది. 1952లో, కొరియా యుద్ధం మధ్యలో, ఆ దేశంలో తయారైన మొదటి సైకిల్ వీళ్ల దగ్గర నుంచే వచ్చింది. కియా అన్న పేరు పెట్టుకున్నదీ ఆ ఏడాదే. తర్వాత హోండా లైసెన్సుతో మోటార్ సైకిళ్లు, 1962లో జపాన్ కంపెనీ మాజ్డా లైసెన్సుతో కె-360 అనే మూడు చక్రాల ట్రక్కు, 1973లో సోహారిలో పెద్ద ఫ్యాక్టరీ, 1974లో బ్రీసా అనే చిన్న కారు. అది కూడా మాజ్డా డిజైనే. అంటే మొదటి ముప్పై ఏళ్లూ నడిచింది అరువు తెచ్చుకున్న టెక్నాలజీ మీదే. అప్పట్లో కొరియా కంపెనీల్లో ఎక్కువ భాగం పరిస్థితి అదే కాబట్టి దాన్ని తప్పు పట్టాల్సిన పనిలేదు.

1981లో గట్టి దెబ్బ తగిలింది. చున్ డూ-హ్వాన్ సైనిక ప్రభుత్వం కార్ల పరిశ్రమను తానే పంచిపెట్టింది: ఫలానా కంపెనీలు కార్లు చేయాలి, కియా మాత్రం చిన్న ట్రక్కులు, వ్యాన్లు చేసుకుని బతకాలి. చేతిలో ఉన్న కారు ఆగిపోయింది, మోటార్ సైకిళ్లు కూడా పోయాయి. మూతపడుతుందనుకున్న కంపెనీని బోంగో అనే వ్యాన్ నిలబెట్టింది. అది ఎంతగా అమ్ముడైందంటే, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు, కొరియాలో ఏ కంపెనీ వ్యాన్‌నైనా బోంగో అనేయడం అలవాటైపోయింది. ఆంక్షలు సడలాక 1987లో ప్రైడ్ అనే చిన్న కారుతో మళ్లీ కార్ల మార్కెట్లోకి వచ్చారు. దాని కథ ఇంకా తమాషా. డిజైన్ మాజ్డాది, తయారీ కియాది, అమెరికాలో ఫెస్టివా పేరుతో అమ్మింది ఫోర్డ్. అదే కారు ఇరాన్‌లో సైపా కంపెనీ చేతుల్లోకి వెళ్లి 2020 దాకా తయారవుతూనే ఉంది.

1997 జులైలో కంపెనీ అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. ఆ ఏడాది చివర్లో కొరియా మొత్తం ఐఎంఎఫ్ గుమ్మం తొక్కడానికి దారితీసిన పతనాల్లో కియాది ఒక ముఖ్యమైన వంతు. వేలంలో ఫోర్డ్, డేవూ, శాంసంగ్ కూడా పోటీ పడ్డాయి గానీ 1998లో 51 శాతం వాటా హ్యుందాయ్‌కి దక్కింది. ఇప్పుడు హ్యుందాయ్ వాటా మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అయితే అదే కియాకి ఆ గ్రూపులోని విడిభాగాల కంపెనీ హ్యుందాయ్ మోబిస్‌లో వాటా ఉంది, మోబిస్‌కేమో హ్యుందాయ్ మోటార్‌లో వాటా ఉంది. ఎవరు ఎవరికి యజమానో కాగితం మీద బొమ్మ గీసుకుంటే తప్ప అర్థం కాదు.

అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. ఒకే ఇంట్లో రెండు బ్రాండ్లు. ఇంజన్లు అవే, గేర్‌బాక్సులు అవే, కారు అడుగున ఉండే చట్రం (ప్లాట్‌ఫామ్) అదే. మరి హ్యుందాయ్ షోరూమ్ దాటి పక్కనున్న కియా షోరూమ్‌లోకి మనిషి ఎందుకు రావాలి? ఇంజన్‌తో తేడా చూపించలేరు కాబట్టి ఆకారంతో చూపించాలి. 2006లో ఫోక్స్‌వ్యాగన్ నుంచి పీటర్ ష్రాయర్‌ని డిజైన్ అధిపతిగా తెచ్చుకోవడం వెనక ఉన్న లెక్క ఇదే. అంతకుముందు ఆడి టీటీ అనే స్పోర్ట్స్ కారు గీసిన మనిషి ఆయన. ఈ రోజు కియా ముందు భాగంలో కనిపించే పులి ముక్కు గ్రిల్ ఆయన హయాంలో వచ్చిందే. 2010లో వచ్చిన ఆప్టిమా చూసి, ఇది కియానా అని జనం వెనక్కి తిరిగి చూశారు. ఆ తర్వాత స్టింగర్, టెల్యురైడ్, ఈవీ6, ఈవీ9. వరల్డ్ కార్ ఆఫ్ ది ఇయర్ 2020లో టెల్యురైడ్‌కి, 2024లో ఈవీ9కి వచ్చింది, యూరప్ కార్ ఆఫ్ ది ఇయర్ 2022లో ఈవీ6కి వచ్చింది. ఇవేవీ ఊరికే రాలేదు. 2021లో లోగో మార్చినప్పుడు మాత్రం కాస్త అతి చేశారేమో, దాన్ని కేఎన్ అని చదువుకుని ‘కేఎన్ కారు’ ఏ కంపెనీదని గూగుల్‌లో వెతికిన వాళ్లు అమెరికాలో బోలెడు మంది.

ఆకారం మనిషిని షోరూమ్‌లోకి లాగుతుంది, సంతకం పెట్టించాలంటే భయం పోగొట్టాలి. దానికి వాడిన ఆయుధం వారంటీ. అమెరికాలో ఇంజన్, గేర్‌బాక్సులకు పదేళ్లు లేదా లక్ష మైళ్లు, యూరప్‌లో సీడ్ మోడల్‌తో మొదలుపెట్టి ఏడేళ్లు. నమ్మకం లేనివాడికి పూచీకత్తు రాసిచ్చినట్టే ఇది, బాగానే పనిచేసింది. అయితే అమెరికా వారంటీలో ఒక మెలిక ఉంది. ఆ పదేళ్లు మొదటి ఓనర్‌కే. కారు చేతులు మారితే అది ఐదేళ్లు, 60 వేల మైళ్లకు పడిపోతుంది. అక్కడ చదువుకోవడానికి వెళ్లి, సీనియర్ల దగ్గర పాత కారు కొనుక్కునే మన పిల్లల్లో చాలామంది ఈ ముక్క చదవకుండానే, పదేళ్ల వారంటీ ఉందిగా అన్న ధైర్యంతో కొనేస్తారు.

ఇప్పుడు 2017 రీకాల్‌కి వద్దాం. అందులో ఉన్నది థీటా 2 అనే పెట్రోల్ ఇంజన్, హ్యుందాయ్, కియా రెండూ వాడినది. ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్‌ని మెషీన్ మీద చెక్కినప్పుడు రాలే సన్నటి లోహపు రజను పూర్తిగా శుభ్రం కాకుండా ఆయిల్ దారుల్లో ఉండిపోయింది. ఆయిల్ సరిగ్గా అందకపోతే కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరుగుతాయి, అరిగితే టకటకమని చప్పుడు మొదలవుతుంది, ఒక రోజు హైవే మీద వంద స్పీడులో ఉండగా ఇంజన్ పట్టేస్తుంది. వాసన లేదు, రంగు లేదు, టెస్ట్ డ్రైవ్‌లో తెలిసే అవకాశం అసలే లేదు. ఈ సంగతి బయటికి రావడంలో హ్యుందాయ్ లోపలి మనిషే, కిమ్ క్వాంగ్-హో అనే ఇంజినీరు, కీలకం. ఆధారాలతో అమెరికా రవాణా భద్రతా సంస్థ దగ్గరికి వెళ్లాడు, ఆ తర్వాత ఉద్యోగం పోయింది. రీకాల్స్ ఆలస్యంగా, అరకొరగా చేశారని 2020లో రెండు కంపెనీలకు కలిపి 21 కోట్ల డాలర్ల దాకా జరిమానా పడింది. మరుసటి ఏడాది ఆ ఇంజినీరుకు 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా పారితోషికం ఇచ్చారు. కోర్టు సెటిల్‌మెంటులో ఓనర్లకు ఆ ఇంజన్ల మీద జీవితకాల వారంటీ వచ్చింది, అది కూడా సర్వీస్ సెంటర్‌కి వెళ్లి చప్పుడు పసిగట్టే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించుకుంటేనే.

ఇంజన్ కథను తయారీలో జరిగిన పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు. తాళం కథను అలా సరిపెట్టుకోలేం. 2011 నుంచి 2021 మధ్య అమెరికాలో అమ్మిన తక్కువ ధర కియా, హ్యుందాయ్ కార్లలో చాలావాటికి ఇంజన్ ఇమ్మొబిలైజర్ లేదు. అంటే అసలు తాళంలోని చిప్‌ని గుర్తుపడితేనే ఇంజన్ స్టార్ట్ అయ్యే ఏర్పాటు లేదన్నమాట. 2015 మోడళ్లను తీసుకుంటే మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి అది ఉండగా ఈ రెండిటిలో 26 శాతానికే ఉంది. పక్కనున్న కెనడాలో చట్టం 2007 నుంచి తప్పనిసరి చేసింది కాబట్టి అక్కడ అమ్మిన అవే కార్లకు పెట్టారు, అమెరికాలో చట్టం అడగలేదు కాబట్టి పెట్టలేదు. కొనేవాడు బ్రోచర్‌లో సన్‌రూఫ్ చూస్తాడు గానీ ఇమ్మొబిలైజర్ ఉందా అని ఎవడు చూస్తాడు? మిల్వాకీ నగరంలో మొదలైన దొంగతనాలు 2022లో టిక్‌టాక్ వీడియోలతో దేశమంతా పాకాయి. కొన్ని నగరాల్లో బీమా కంపెనీలు ఈ మోడళ్లకు కొత్త పాలసీలు ఇవ్వడం మానేశాయి. 2023లో ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, స్టీరింగ్ లాకులు, దాదాపు 20 కోట్ల డాలర్ల సెటిల్‌మెంటు. మొదట్లోనే చిప్ పెట్టి ఉంటే అయ్యే ఖర్చు ఇందులో ఎన్నో వంతో.

మన దగ్గరికి వస్తే, కియాకి తెలుగు నేలతో ఉన్న బంధం వేరే ఏ విదేశీ కార్ల కంపెనీకీ లేదు. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. విజయనగర రాజుల రెండో రాజధానిగా పేరున్న ఊరు అది, చుట్టూ వేరుశనగ, ఎండిన బోర్లు. అలాంటి చోటికి కార్ల ఫ్యాక్టరీ అంటే మొదట ఎవరూ నమ్మలేదు. గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్లు, గుమ్మం ముందు 44వ నంబరు హైవే, అందుబాటు దూరంలో బెంగళూరు విమానాశ్రయం, చెన్నై చుట్టుపక్కల అప్పటికే ఉన్న విడిభాగాల కంపెనీలు, ఇవన్నీ కలిసొచ్చాయి. 2019 జనవరిలో ట్రయల్, ఆగస్టులో సెల్టాస్ అనే ఎస్‌యూవీ మొదటి బండి. 2023 జులైకల్లా పది లక్షల కార్లు. ఆ రోడ్డు మీద కొరియన్ లిపిలో బోర్డులు, కొరియన్ హోటళ్లు వెలిశాయి. కియాని తెచ్చిన ఘనత ఏ పార్టీదనే గొడవ ఇప్పటికీ తేలలేదు, 2020 ఫిబ్రవరిలోనైతే ఫ్యాక్టరీ తమిళనాడుకి వెళ్లిపోతోందన్న వార్త రెండు రోజులు రాష్ట్రాన్ని ఊపేసింది, కంపెనీ అలాంటిదేమీ లేదంది. 2025లో ఈ ఫ్యాక్టరీకి సంబంధించి దాదాపు 900 ఇంజన్లు ఏళ్ల తరబడి మాయమయ్యాయన్న ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్లడం ఇంకో వింత.

9 లక్షల 69 వేలకు మొదలైన సెల్టాస్ ఇక్కడ సంచలనమే. హ్యుందాయ్ క్రెటాకి అన్నదమ్ముడే అయినా పక్కపక్కన నిలబెడితే అప్పటి క్రెటా ముసలిదైపోయినట్టు కనిపించింది. ఓనర్లు ఇప్పటికీ మెచ్చుకునేది వెంటిలేటెడ్ సీట్లను. మే నెలలో అనంతపురంలోనో ఖమ్మంలోనో గంటసేపు ఎండలో పెట్టిన కారెక్కిన వాళ్లకి, వీపు కింద నుంచి గాలి లాగే సీటు విలాసం కాదు, అవసరం. టాప్ ఎండ్‌లో బోస్ సౌండ్, ఫోన్ నుంచే ఏసీ ఆన్ చేసే యాప్, రెండేళ్లయినా కొత్తగా కనిపించే డ్యాష్‌బోర్డ్. వీటి గురించి ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ.

2020 నవంబరులో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ సెల్టాస్‌ని గుద్దించి చూసింది. పెద్దల భద్రతకు మూడు స్టార్లు, పిల్లలకు రెండు. స్టార్ల కంటే నివేదికలోని ఇంకో మాట ముఖ్యం: బాడీ షెల్ (కారు ఉక్కు గూడు) నిలకడగా లేదు, ఇంతకంటే ఎక్కువ తాకిడిని తట్టుకోలేదు అని. 2022లో కియా మరో కారు కారెన్స్‌కి ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చినా మూడు స్టార్లే, షెల్ గురించి మళ్లీ అదే మాట. ఎయిర్‌బ్యాగుల సంఖ్య బ్రోచర్‌లో రాసుకోవచ్చు, రేకు కింద ఉన్న ఉక్కును రాసుకోలేం. అయితే ఇక్కడ మార్పు కూడా కనిపిస్తోందని ఒప్పుకోవాలి. 2022లో సెల్టాస్ అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చాయి, 2025 ఏప్రిల్‌లో కియా సైరోస్ మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు తెచ్చుకుంది. ఇంత కాలం ఎందుకు పట్టిందంటే, కొనేవాళ్లు అడగడం మొదలుపెట్టింది కూడా ఈ మధ్యే.

నడిపేవాళ్ల దగ్గర ఎక్కువ వినిపించే గోల డీసీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి. ఇందులో రెండు క్లచ్‌లుంటాయి, ఒకటి బేసి గేర్లకి, ఒకటి సరి గేర్లకి. ఆయిల్‌లో మునిగి ఉండని డ్రై క్లచ్ రకం కాబట్టి వేడిని లాగేయడానికి గాలి తప్ప దిక్కులేదు. హైవే మీద దీనంత హాయి ఇంకోటి లేదు. మాదాపూర్‌లో సాయంత్రం ఆరింటికి మాత్రం వేరే సంగతి. కారు అడుగు వేసి ఆగుతూ ఉంటే లోపల జరిగేది హాఫ్ క్లచ్ మీద పాకడమే. ఎక్కుడు దారిలో ఆగి ఆగి వెళ్తే కాసేపటికి స్క్రీన్ మీద గేర్‌బాక్స్ వేడెక్కింది, బండి పక్కకు ఆపండి అని హెచ్చరిక. పిల్లలు వెనక కూర్చుని ఉండగా ఫ్లైఓవర్ మీద ఇది చూసినవాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు. ముందు బండికి కాస్త ఖాళీ వదిలి, ఒకేసారి కదిలి, పూర్తిగా ఆగడం అలవాటు చేసుకుంటే చాలావరకు రాదు. కానీ అంత డబ్బు పెట్టి ఆటోమేటిక్ కొన్నది ఆలోచించకుండా నడపడానికి కదా అన్నది ఓనర్ల ప్రశ్న, అందులో న్యాయం ఉంది. రోజూ సిటీలోనే తిరిగేవాళ్లకు ఐవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) గానీ, డీజిల్‌లో వచ్చే మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గానీ నయం, పికప్ కాస్త తగ్గినా సరే.

డీజిల్‌కి మళ్లీ తనదైన తద్దినం ఉంది. బీఎస్6 (కాలుష్య నిబంధనలు) డీజిల్ కార్లకు మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. నిండినప్పుడు ఆ మసిని అదే కాల్చేసుకుంటుంది, దానికి ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. పిల్లల్ని స్కూల్లో దింపి కూరగాయలు తెచ్చుకునే వాడకంలో ఆ అవకాశం దానికి దొరకదు, లైటు వెలుగుతుంది. ఇది కియా ఒక్కదాని తప్పేం కాదు, కానీ షోరూమ్‌లో రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని అడిగి వద్దని చెప్పే సేల్స్‌మ్యాన్ అరుదు. తొలి సెల్టాస్ డీజిల్ ఓనర్లు కొందరికి క్యాబిన్‌లో కుళ్లిన వాసన కూడా తలనొప్పైంది. టర్బో పెట్రోల్ తీసుకున్నవాళ్ల గోల మైలేజీ, గట్టిగా తొక్కితే సిటీలో ఒంటి అంకెకు పడిపోతుంది. గుంతల రోడ్ల మీద పెద్ద చక్రాల వేరియంట్లు ఒళ్లు కుదిపేస్తాయని ఇంట్లో పెద్దవాళ్ల ఫిర్యాదు.

రీకాల్స్ విషయంలో మన దగ్గర లెక్క మరీ చెడ్డగా లేదు. 2022 అక్టోబరులో 44,174 కారెన్స్‌లకు ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్, 2024 ఫిబ్రవరిలో 4,358 సెల్టాస్ ఐవీటీలకు ఎలక్ట్రానిక్ ఆయిల్ పంపు, అదే ఏడాది జులైలో 1,138 ఈవీ6లకు ఛార్జింగ్ కంట్రోల్ యూనిట్. ఈ చివరిది గమనించాల్సింది. అంత పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, ఈ యూనిట్ పాడైతే మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీకి ఛార్జింగ్ అందక బండి ఆగిపోతుంది. ఇది కూడా హ్యుందాయ్‌తో కలిసి పంచుకున్న భాగమే.

2019, 2020 సెల్టాస్‌లు ఇప్పుడు పాత కార్ల మార్కెట్లోకి దండిగా వస్తున్నాయి. ఇక్కడ కంపెనీ వారంటీ మూడేళ్లు, కిలోమీటర్ల పరిమితి లేదు, అంటే పొడిగించుకోని బండ్లకు అది ఎప్పుడో అయిపోయింది. చూడటానికి ఇవి ఇంకా కొత్త పెళ్లికొడుకుల్లా ఉంటాయి కాబట్టి చూపుతో బేరం కుదుర్చుకోకూడదు. డీసీటీ అయితే చల్లగా ఉన్నప్పుడు కాకుండా ఓ ముప్పావుగంట ట్రాఫిక్‌లో తిప్పాక, ఎక్కుడు మీద ఆపి మెల్లగా కదిపి చూడాలి, వణుకు అప్పుడే తెలుస్తుంది. డీజిల్ అయితే అది తిరిగింది హైవే మీదా, సిటీలోనా అని ఓనర్‌ని అడగాలి, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ చూపించమంటే అబద్ధం చెప్పే అవకాశం తక్కువ. ఏ బండికైనా ఛాసిస్ నంబర్ తీసుకుని సర్వీస్ సెంటర్‌లో పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందేమో కనుక్కోవాలి. ఉంటే ఆ పని ఉచితం, బండి ఎన్ని చేతులు మారినా సరే.